లేత్ కొనేముందు దారి కొలవండి

పాఠకుల ప్రశ్నలు, టూల్‌రూమ్ మాస్టారి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత మెషీన్ల గురించే. బెంగళూరులో పీణ్య, రాజాజీనగర్‌లలో చిన్న వర్క్‌షాపులు కొన్ని కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషీన్లకు మారుతున్నాయి, కొన్ని మూతపడుతున్నాయి. మంచి మంచి లేత్‌లు (ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కేవి), మిల్లింగ్ మెషీన్లు (తిరిగే కట్టర్‌తో చెక్కేవి) తూకానికి పోతున్నాయి. వాటిని ఇంటికి తెచ్చుకుని నడుపుకోవాలనుకునేవాళ్ళు ఇంతమంది ఉన్నారని తెలిసి నాకు చాలా సంతోషమైంది. 1941లో హరిహర్‌లో మొదలైన మైసూర్ కిర్లోస్కర్, 1953లో బెంగళూరులో పుట్టిన హెచ్‌ఎంటీ మనకిచ్చిన ఇనుము అది. బెడ్, అంటే లేత్ పొడవునా ఉండే పోత ఇనుప పీఠం, అరగకుండా ఉంటే ఇంకో తరం పనిచేస్తుంది. అందుకే ఈ నెల జవాబులు కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది అనంతపురం. చాలా ఏళ్ళుగా బెంగళూరు విద్యారణ్యపురలో ఉంటున్నాం. నేను బ్యాంకులో పనిచేస్తాను. మా నాన్నగారు బస్సు డిపోలో టర్నర్‌గా, అంటే లేత్ మీద పని, చేసి రిటైరయ్యారు. ఖాళీగా కూర్చోలేకపోతున్నారు. పీణ్యలో మూసేస్తున్న ఒక వర్క్‌షాపులో హెచ్‌ఎంటీ ఎల్‌బీ 17 లేత్ అమ్మకానికి ఉంది. పదహారు వందల కిలోల దాకా ఉంటుందని అమ్మేవాళ్ళు చెప్పారు. మాది 30–40 అడుగుల సైటు, గ్రౌండ్ ఫ్లోర్‌లో మేమే ఉంటాం. కారు బయట పెట్టి, పోర్టికోలో లేత్ పెడదామని అనుకుంటున్నాను. పోర్టికో కింద నీళ్ళ సంపు ఉంది. "కారు నిలబడింది కదా, లేత్ నిలబడదా" అంటున్నాడు మా మేస్త్రీ. అడ్వాన్స్ ఇచ్చేయమంటారా?

జవాబు: నాయనా, తండ్రి కోసం ఇంత ఆలోచిస్తున్నారు, చాలా మంచి పని. అడ్వాన్స్ మాత్రం కొన్నాళ్ళు ఆపండి. మీరు మెషీన్ చూశారు, ధర మాట్లాడుకున్నారు. అది వచ్చే దారి చూడలేదు, నిలబడే నేల చూడలేదు.

ముందు సంపు సంగతి. మీ మేస్త్రీ మాట ఇక్కడ పనికిరాదు. చిన్న కారు టన్ను అటూ ఇటూ ఉంటుంది. ఆ బరువు నాలుగు టైర్ల మీద, దూరదూరంగా పడుతుంది. సంపు స్లాబు మీద ఒక్కోసారి రెండు టైర్లే ఉంటాయి. లేత్ అలా కాదు. గేర్లు, స్పిండిల్ (తిరిగే ఇరుసు), ముక్కను పట్టే చక్, మోటారు అన్నీ ఎడమ చివరనున్న హెడ్‌స్టాక్ వైపే ఉంటాయి కాబట్టి మొత్తం బరువులో సగానికి మించి ఆ ఒక్క కాలి మీదే దిగుతుంది. పైగా కారు పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తుంది. లేత్ ఏళ్ళ తరబడి అక్కడే ఉండి, తిరిగిన ప్రతిసారీ అదురుతుంది. స్లాబు కూలిపోతుందని నేను భయపెట్టడం లేదు. కూలకపోయినా వంగుతుంది. వెంట్రుకవాసి వంగినా బెడ్ మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన బెడ్ మీద షాఫ్ట్ తిప్పి చెక్కితే ఒక చివర లావుగా, ఒక చివర సన్నగా వస్తుంది. మీ నాన్నగారు మొదటి జాబ్‌లోనే (చెక్కే ముక్కలోనే) పట్టేస్తారు, ఆ మరుసటి రోజు నుంచి ఆయనకు దాని మీద మనసు పోదు.

ఇంకో సంగతి ఉంది. ఇది మీకెవరూ చెప్పి ఉండరు. లేత్ చుట్టూ నేల ఎప్పుడూ జిడ్డుగానే ఉంటుంది. కూలెంట్ (టూలును చల్లబరిచే ద్రవం) చిందుతుంది, ఇనుప రజను రాలుతుంది. ఆ నేల కడిగిన నీళ్ళు సంపు మూత సందుల్లోంచి లోపలికి దిగుతాయి. ఇంటిల్లిపాదీ వాడుకునే నీళ్ళు అవే. రేపు సంపు కడిగించాలంటే మూత పక్కనే టన్నున్నర ఇనుము అడ్డం. పోర్టికో ఆలోచన పూర్తిగా వదిలేయండి.

ఇంటి ముందుగదిని లేత్‌కు ఇవ్వగలరా? ఇవ్వగలిగితే ఇప్పుడు దారి కొలుద్దాం. మెషీన్ పొడవు, వెడల్పు మీరే టేపుతో కొలవండి, అమ్మేవాళ్ళ నోటిలెక్క వద్దు. అదే కొలతకు వెదురు బొంగులతో ఒక చట్రం కట్టించండి. ఇద్దరు మనుషులు దాన్ని నడుము ఎత్తున పట్టుకుని రోడ్డు మీద నుంచి గేటులోకి, మెట్లెక్కి, గుమ్మంలోంచి గదిలోకి తీసుకెళ్ళాలి. ఎక్కడ తిరగదో అక్కడే తెలిసిపోతుంది. కాగితం మీద గీసిన ప్లాన్‌లో షూరాక్ ఉండదు, మీటర్ బోర్డు ఉండదు, మెట్ల రెయిలింగు ఉండదు. గుమ్మం కొలిచేటప్పుడు ద్వారబంధం లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలవండి. తలుపు రెక్క ఊడదీస్తే అంగుళంన్నర కలిసివస్తుంది. టూలును మోస్తూ జరిగే క్యారేజ్ మీదున్న హ్యాండిళ్ళు, వెనక మోటారు కవరు, చిప్ ట్రే తీసేస్తే ఇంకొంత. హెడ్‌స్టాక్ మాత్రం విప్పకండి. దాన్ని బెడ్‌తో వరస కలిపి బిగించి పంపుతారు, ఒకసారి కదిలిస్తే మళ్ళీ అలా కలపడం ఇంట్లో అయ్యే పని కాదు.

బెంగళూరులో ఇంటిముందు మోరీ మీద పరిచిన బండలు చూడండి. చాలా ఇళ్ళకు మొత్తం దారిలో బలహీనమైన చోటు అదే. టన్నున్నర లేత్ పైపుల మీద దొర్లుతూ వచ్చి ఆ బండ మీదికి ఎక్కినప్పుడు బరువంతా ఒక్క పైపు కింద పడుతుంది. బండ విరిగితే మెషీన్ మోరీలోకి ఒరుగుతుంది, పక్కనున్న మనిషి కాలు కూడా పోతుంది. బండ దాటి రెండు వైపులా గట్టినేల మీద ఆనేలా మందమైన ఇనుప ప్లేటు గానీ, రైలు స్లీపర్లలాంటి దుంగలు గానీ పరిపించండి. గడప దగ్గరా అంతే. ఇంట్లో పెద్దవాళ్ళు పసుపు రాసే గడప మీద ఇనుము ఎక్కించడానికి ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది. బరువు గడపకు తగలకుండా లోపలా బయటా దుంగలు పేర్చి, పైన పలక వేసి, వంతెనలా దాటించండి. లోపల విట్రిఫైడ్ టైల్స్ ఉంటే పైపు కింద పటపట పగులుతాయి, మందమైన ప్లైవుడ్ పరవండి.

ఎత్తేటప్పుడు నేను చెప్పేది ఒక్కటి గుర్తుపెట్టుకోండి. స్లింగ్ (ఎత్తే తాడు) ఎప్పుడూ బెడ్ చుట్టూనే పడాలి, లీడ్ స్క్రూకు, ఫీడ్ రాడ్‌కు తగలకూడదు. క్యారేజ్‌ను నడిపే ఆ కడ్డీలు బెడ్ ముందువైపు పొడవునా ఉంటాయి, తాడు బిగిస్తే మొదట నలిగేవి అవే. ఒకసారి వంగిన లీడ్ స్క్రూతో మరలు సరిగా పడవు. మధ్యలో చెక్క ముక్కలు పెట్టి తాడును ఎడంగా ఉంచండి. ముక్క రెండో కొసకు ఆసరా ఇచ్చే టెయిల్‌స్టాక్‌ను, క్యారేజ్‌ను కుడివైపు చివరికి జరిపి బిగించండి, హెడ్‌స్టాక్ బరువుకు అవి కొంత సరితూగుతాయి. హైడ్రా క్రేన్ నడిపేవాడికి ముందే చెప్పండి: రెండంగుళాలు లేపి ఆపాలి. ఎటు ఒరుగుతోందో చూసి, దించి, స్లింగ్ జరిపి, మళ్ళీ లేపాలి. తొందరపెట్టే హైడ్రావాడు వద్దు. మీ వీధిలో కరెంటు తీగలు, కేబుళ్ళు ఏ ఎత్తున ఉన్నాయో కూడా వాడిని ముందురోజే తీసుకొచ్చి చూపించండి. లారీ విషయానికొస్తే టాటా ఏస్‌లో వేస్తామంటే ఒప్పుకోకండి. దాని మోత టన్నుకు మించదు. టాటా 407 లాంటి బండి కావాలి.

లేత్‌కు పైబరువు ఎక్కువ, కాళ్ళు ఇరుకు. పక్కకు దొర్లడానికి సిద్ధంగా ఉంటుంది. పీణ్యలోనే దాన్ని రెండు అడ్డ దుంగలకు బోల్టులతో బిగించి, ఆ దుంగలతో సహా తీసుకురండి. ఇంట్లో పైపుల మీద దొర్లించేటప్పుడు కనీసం మూడు పైపులు ఎప్పుడూ కిందే ఉండాలి. పక్కకు జరిగిన పైపును సుత్తితో తట్టి సరిచేయాలి, వేళ్ళతో కాదు. మన ఊళ్ళలో రథం లాగేటప్పుడు చక్రం పక్కనే నడుస్తూ చెక్క ముక్క వేసే మనిషి ఉంటాడు చూడండి, అలాంటి మనిషి ఒకడు ఇక్కడా కావాలి. అతను లాగడు, మాట్లాడడు, అతని పని చెక్క వేయడమే. వాలు దిగేటప్పుడు మెషీన్‌ను వెనక నుంచి చైన్‌తో పట్టి ఉంచాలి, కింది వైపు ఎవరూ నిలబడకూడదు. ఈ పని చేసే రిగ్గింగ్ మనుషులు పీణ్యలో దొరుకుతారు. డబ్బు మిగుల్చుకుందామని ఇంటి సామాన్లు మోసే కూలీలతో చేయించకండి.

నేల గురించి కూడా చెప్పాలి. గ్రౌండ్ ఫ్లోర్ అంటే గట్టినేల అనుకుంటాం. బేస్‌మెంట్ గోడల మధ్య మట్టి నింపి, పైన పల్చటి కాంక్రీటు వేసి టైల్స్ అతికిస్తారు. ఆ మట్టి దిగుతూనే ఉంటుంది. లేత్ నిలబడే చోట టైల్స్ పగలగొట్టి, మట్టి తీసి, దిమ్మిస కొట్టించి, కడ్డీలు వేసి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల కాంక్రీటు దిమ్మె పోయించండి. ఇరవై ఎనిమిది రోజులు ఆగాక మెషీన్ ఎక్కించండి. అందుకే అడ్వాన్స్ ఆపమన్నాను. దిమ్మె ఆరేలోపు పీణ్యలో వర్క్‌షాపు ఖాళీ చేయమంటే లేత్‌ను రోడ్డు మీద పెట్టుకోలేరు కదా. దిమ్మె ముందు, డబ్బు తర్వాత.

దిమ్మెను గోడకు ఆనించి పోయించకండి. వెనక మనిషి పట్టే చోటు కావాలి, బెల్టు మార్చాలన్నా చిప్స్ ఊడ్చాలన్నా అక్కడికే వెళ్ళాలి. హెడ్‌స్టాక్ ఎడమవైపు స్పిండిల్‌లోంచి పొడవాటి రాడ్ దూర్చుకునేంత చోటు వదలండి. ఎదురుగా కిటికీ ఉంటే ఆ రాడ్‌కు కిటికీ దారి ఇవ్వొచ్చు, మంచి ఉపాయం అది.

మెషీన్ నిలబెట్టాక మీటరుకు 0.02 మిల్లీమీటర్లు చూపించే లెవెల్ తెచ్చి, బెడ్‌కు అడ్డంగా రెండు చివర్లా పెట్టి చూడండి. గాలిబుడగ రెండు చోట్లా ఒకేలా ఉండాలి. లెవెల్ దొరక్కపోతే చక్‌లో ఒక రాడ్ బిగించి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా పైపైన సన్నగా చెక్కి, రెండు చివర్లా మైక్రోమీటర్‌తో కొలవండి. తేడా ఉంటే టెయిల్‌స్టాక్ వైపు కాలి కింద బోల్టులు సర్దాలి. ఈ పని మీ నాన్నగారికి వదిలేయండి, ఆయనకు ఇది పండగ. కొన్ని వారాలకు మళ్ళీ చూసుకోమనండి, కొత్త నేల మీద బెడ్ కొంచెం కదులుతుంది.

కొనే ముందు చివరి పరీక్ష ఒకటి. క్యారేజ్‌ను చక్ దగ్గరికి తెచ్చి, అక్కడ కొంచెం బిగువుగా కదిలేలా సర్ది, టెయిల్‌స్టాక్ వైపు నెట్టండి. మధ్యదారిలో పట్టేసిందంటే చక్ దగ్గర బెడ్ బాగా అరిగిందని అర్థం. కొత్తగా వేసిన ఆకుపచ్చ పెయింటు చూసి సంబరపడకండి. పెయింటు లేని చోట చూడండి.

ప్రశ్న: గురువుగారూ, నేను దాసరహళ్ళిలో అద్దెకుంటున్నాను, మాది మదనపల్లె. మూడు హార్స్‌పవర్ మోటారున్న పాత మిల్లింగ్ మెషీన్ కొన్నాను. మా పోర్షన్‌కు సింగిల్ ఫేజే ఉంది. కెపాసిటర్ పెడితే తిరుగుతుందని ఒక ఎలక్ట్రీషియన్, వీఎఫ్‌డీ (సింగిల్ ఫేజ్ నుంచి మోటారుకు త్రీ ఫేజ్ తయారు చేసిచ్చే పెట్టె) కావాలని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: వీఎఫ్‌డీ చెప్పినాయన మాట వినండి. కెపాసిటర్‌తో తిరుగుతుంది గానీ మూడింట ఒక వంతు శక్తి పోతుంది, మోటారు వేడెక్కుతుంది. మిల్లింగ్‌లో కట్టర్ జాబ్‌లోకి దిగినప్పుడు ఆగిపోతే పళ్ళు విరుగుతాయి.

ఒక చిక్కు ఉంది. మామూలుగా దొరికే సింగిల్ ఫేజ్ వీఎఫ్‌డీ 230 వోల్టులు తీసుకుని 230 వోల్టుల త్రీ ఫేజే ఇస్తుంది. మీ మోటారేమో 415కు చుట్టింది. మూడు హార్స్‌పవర్ వరకు మన మోటార్లు మామూలుగా స్టార్‌లో (మూడు చుట్ల కొసలు ఒకచోట ముడివేసి) కలిపి ఉంటాయి. టెర్మినల్ బాక్స్ మూత తీసి చూడండి. ఆరు వైర్లు బయటికి వచ్చి ఉంటే మీ అదృష్టం, స్టార్ తీసి డెల్టాలో (ఒక చుట్ట కొసను ఇంకోదానికి తగిలించి) కలిపితే 230కి పూర్తి శక్తితో తిరుగుతుంది. మూడే వైర్లు ఉంటే మోటారు వైండింగ్ షాపుకు తీసుకెళ్ళి, లోపలి స్టార్ జాయింటు విప్పి మిగతా మూడు కొసలు బయటికి తీయించండి. కూలెంట్ పంపు, టేబుల్ ఫీడ్ మోటారు ఉంటే అవి కూడా 415వే అని మరిచిపోకండి.

మూడు హార్స్‌పవర్ మోటారు వీఎఫ్‌డీ మీద సింగిల్ ఫేజ్ నుంచి ఇరవై ఆంపియర్ల దాకా లాగగలదు. గీజర్ ప్లగ్గులో పెట్టి నడపకండి. మీటర్ దగ్గర నుంచి వేరే వైరు, వేరే ఎంసీబీ, గట్టి ఎర్త్ కావాలి. ఇంటి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ఊరికే పడిపోతుంటే వీఎఫ్‌డీ నుంచి ఎర్త్‌కు పోయే లీకేజే కారణం కావచ్చు, దాన్ని తీసిపారేయకుండా తగిన రకం పెట్టించండి. వీఎఫ్‌డీకీ మోటారుకూ మధ్య పాత స్టార్టర్‌ను ఉంచకండి, నడుస్తుండగా అది తెగితే వీఎఫ్‌డీ పోతుంది. రేపు లేత్ కూడా కొంటే, చక్ మరతో ఎక్కే పాత రకం అయితే వీఎఫ్‌డీ బ్రేకును గట్టిగా పెట్టకండి. స్పిండిల్ టక్కున ఆగితే బరువైన చక్ విప్పుకుని బయటికొస్తుంది.

మీరు అద్దె ఇంట్లో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. శాంక్షన్డ్ లోడ్ (ఇంటికి మంజూరైన కరెంటు మోతాదు) పెంచాలంటే ఇంటి ఓనరు సంతకంతో కరెంటు కంపెనీ బెస్కాంకు వెళ్ళాలి, ఆయనతో ముందే మాట్లాడండి. సొంత సరదాకు నడుపుకుంటే ఒక సంగతి. ఇంటి కనెక్షన్ మీద డబ్బుకు జాబ్‌వర్క్ చేస్తే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకమవుతుంది, బిల్లు వెనకటి నుంచి లెక్కగట్టి వేస్తారు. ఐదు హార్స్‌పవర్, ఆపైన అయితే ఈ తిప్పలన్నీ మాని త్రీ ఫేజ్ కనెక్షనే తీసుకోండి.

ప్రశ్న: అయ్యా, చెన్నై విల్లివాక్కం నుంచి రాస్తున్నాను. మా నాన్నగారు పెరంబూర్ రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో ఫిట్టర్‌గా చేశారు. ఇంటి వెనక షెడ్డులో ఆయన పెట్టుకున్న పాత లేత్, ఒక షేపర్ (టూలు ముందుకూ వెనక్కూ కదులుతూ చదును చేసే మెషీన్) ఉన్నాయి. ఆయన పోయారు. 2023 డిసెంబరు తుఫానుకు షెడ్డులో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. అప్పటి నుంచి ఎవరూ ముట్టలేదు. తమ్ముడు తూకానికి ఇచ్చేద్దామంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. బాగవుతాయా?

జవాబు: బాగవుతాయమ్మా. తూకానికి ఇవ్వకండి. పోత ఇనుము నీళ్ళకు చచ్చిపోదు.

ముందుగా, ఎవరూ స్విచ్ వేయకుండా మెయిన్ తీసేయించండి. మోకాలి లోతు అంటే లేత్‌కు బెడ్ మునిగి ఉండదు. చాలా లేత్‌లకు మోటారు కింద కాలి పెట్టెలో ఉంటుంది కాబట్టి అది మునిగి ఉంటుంది. దాన్ని విప్పించి వైండింగ్ షాపులో ఆరబెట్టించి, ఇన్సులేషన్ పరీక్ష చేయించండి. అవసరమైతే తిరగ చుట్టిస్తారు, బేరింగులు ఎలాగూ మార్చాలి. గేర్‌బాక్సుల్లో నూనె మొత్తం అడుగు ప్లగ్గు తీసి వంపేయించండి. నీళ్ళు నూనె కిందికి దిగి కూర్చుంటాయి. పైన నూనె చక్కగా కనిపించినా అడుగున గేర్లు తుప్పు పడుతుంటాయి. కిరోసిన్‌తో కడిగి, కొత్త నూనె పోసి, చేత్తో తిప్పి చూసి, తర్వాతే కరెంటు.

బెడ్ మీది తుప్పుకు గ్రైండర్ గానీ, ముతక ఎమిరీ గానీ తాకనివ్వకండి. నూనె పోసి నానబెట్టి, బ్లేడు అంచును పడుకోబెట్టి గీకి, సన్నటి స్క్రబ్‌తో తుడిపించండి. మచ్చలు మిగులుతాయి, ఫరవాలేదు, కొలత పోకూడదు. మీ ఊరి ఉప్పుగాలికి పల్చటి స్ప్రే నూనెలు నిలవవు. స్లైడ్‌వే ఆయిల్ రాసి, పాత నూలుచీర కప్పండి. ప్లాస్టిక్ షీట్ కప్పితే లోపల చెమట పట్టి ఇంకా తుప్పెక్కుతుంది.

2015లోనూ నీళ్ళొచ్చాయి, 2023లోనూ వచ్చాయి. మళ్ళీ రావని అనుకోలేం. బాగు చేయించేటప్పుడే రెండు మెషీన్లనూ కాంక్రీటు దిమ్మెల మీదికి ఎక్కించి, స్విచ్చులు, స్టార్టరు గోడకు ఛాతీ ఎత్తున పెట్టించండి. షేపర్‌ను ఈ రోజుల్లో ఎవరూ కొనరని తమ్ముడు అంటే, నిజమే. కానీ కీవే (చక్రం జారకుండా తాళపు ముక్క కూర్చునే గాడి) కోయడానికి, చిన్న పలకలు చదును చేయడానికి అంత తక్కువ ఖర్చులో పనిచేసే మెషీన్ ఇంకోటి లేదు. దాని టూలు ఒక హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) ముక్క, చేత్తో సాన పట్టుకోవచ్చు. మీ ఇంట్లో వద్దనుకుంటే దగ్గర్లో ఐటీఐ ఏదైనా తీసుకుంటుందేమో అడగండి. పిల్లలు నేర్చుకుంటారు.

ప్రశ్న: మాది బనశంకరిలో రెండో అంతస్తు ఫ్లాటు. బాల్కనీలోనో గదిలోనో లేత్ పెట్టుకోవచ్చా?

జవాబు: పెద్దది వద్దు. ఇళ్ళ స్లాబులను భవనాల మీద పడే బరువుల భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం చదరపు మీటరుకు సుమారు రెండు వందల కిలోల లెక్కన కడతారు. మొదటి ఉత్తరంలోని లేత్ ఒకటిన్నర చదరపు మీటర్ల చోటులో పదహారు వందల కిలోలు నిలబెడుతుంది, ఐదింతలు. లిఫ్టులో కూడా పట్టదు. వంద, నూటయాభై కిలోల బల్లమీది లేత్ అయితే పెట్టుకోవచ్చు. బాల్కనీలో కాదు, గదిలో. వాననీళ్ళు తగలకూడదు, వేలాడే స్లాబు అంతకన్నా వద్దు. బీమ్ ఎటు వెళ్తుందో అపార్ట్‌మెంట్ ప్లాన్‌లో చూసి, గది మూలలో బీమ్ పైన బల్ల వేయించండి. కాళ్ళ కింద రబ్బరు ప్యాడ్లు పెట్టండి. మొదటిసారి నడిపే రోజు కింది పోర్షన్‌వాళ్ళ ఇంటికి వెళ్ళి, మీవాళ్ళను మెషీన్ ఆన్ చేయమని చెప్పి, వాళ్ళ హాల్లో కూర్చుని మీరే చప్పుడు వినండి.